మగ్గం ఇంట్లనే ఉంది, పేజీ కూడ ఉంది, ఆర్డర్లే వస్తలేవు

గట్టుప్పల్ కోడలు:

అందరికి నమస్తే. మాది నల్లగొండ జిల్లా గట్టుప్పల్. ఇంట్ల రెండు మగ్గాలున్నయి, పోగుకు ముందుగాలనే రంగులేసి నేసే ఇక్కత్ పట్టుచీరలు నేస్తం. ఇన్నేండ్లు నేసినవన్నీ మాస్టర్ వీవర్‌కే (నూలిచ్చి కూలికి నేయించుకునే ఆసామికే) పోయేవి. నాలుగు నెలల సంది సొంతంగ ఆన్‌లైన్ల అమ్ముదామని ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ బిజినెస్ మూడూ మొదలువెట్టిన.

ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఇన్‌స్టాల 1,140 మంది ఫాలోవర్లు. పెట్టిన పోస్టులు 96, అందుల 80 దాకా మడతవెట్టిన చీర ఫొటోలే. మొదటి నెల దినాం రెండు పెట్టిన, ఇప్పుడు వారానికి ఒక్కటి కూడ పడ్తలేదు. అమ్ముడువోయినవి 6 చీరలు, అందుల 4 చుట్టాలే తీసుకున్నరు. మిగిలినోళ్ళు "ప్రైస్ ప్లీజ్" అంటరు, చెప్పినంక సప్పుడుండదు.

పేజీని మూడు నెలల్ల పది వేల ఫాలోవర్లకు తెస్తమని ఒకళ్ళు 15,000 అడుగుతున్నరు. ఇయ్యొచ్చునా? దినాం పోస్టు పెట్టుడు తప్పదా? అసలేం పెట్టాలె? నాకు కెమెరా ముంగట మాట్లాడుడు రాదు, గదొక భయం. తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పుండ్రి.

గడియారం సెంటర్:

చెల్లె, ముందుగాల ఆ 15 వేలు పక్కకు పెట్టు. ఆ పైసలకు వచ్చే పది వేల మందిల చీర కట్టుకునేటోళ్ళు ఎందరో, ఆ అమ్మేటాయనకు కూడ తెల్వదు. నువ్వు రీల్ పెట్టంగనే ఇన్‌స్టా దాన్ని కొంతమందికి చూపెడ్తది. వాళ్ళు ఆగి చూసిండ్రా, ఇంకొకళ్ళకు పంపిండ్రా అని చూసుకొని, అప్పుడు ఇంకొందరి ముందటికి తీస్కపోతది. కొనుక్కున్న ఫాలోవర్లు చూడరు, పంపరు. పైసలు పెట్టి పేజీకి చెవుడు తెచ్చుకున్నట్టు అయితది.

ఇగ ఏం పెట్టాలె అంటివి. మడతవెట్టిన చీర హైదరాబాద్ల ప్రతి షోరూం పేజీల ఉంటది. వాళ్ళ కాడ లేనిది నీ ఇంట్ల ఉంది, మగ్గం. ఒక పడుగు (మగ్గానికి పొడుగ్గ ఎక్కిచ్చే పోగుల వరస) ఎక్కిస్తే ఏడెనిమిది చీరలు దిగుతయి గద, ఆ పడుగునే ఒక సీరియల్ అనుకో. పట్టునూలు ఉడకవెట్టి జిగురు తీసుడు ఒక రీల్. కండెలు (చిన్న గొట్టాలకు నూలు) చుట్టుడు పది సెకన్లు చాలు. ఆసు పోసుడు (చిటికి కట్టే ముందు పోగును మేకుల చుట్టూ వరసగ చుట్టుడు) మాత్రం ఒక్క రీల్‌తోని అయిపోగొట్టకు, అండ్ల మూడు రీల్స్ మందం సరుకుంది. ఆ మేకుల చుట్టూ పోగు తిరుగుతుంటే పైనుంచి ఒకటి, మనిషి భుజం ఎన్కనుంచి ఒకటి, వేళ్ళ మధ్యల పోగు జారేకాడ ఒకటి. చేతితోని ఒక చీరకు ఆసు పోయాలంటే నాలుగైదు గంటలు చెయ్యి అటూ ఇటూ తిరుగుతనే ఉండాలె. ఇంట్ల తల్లి పడే ఆ కష్టం చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. చీర కొనేటోళ్ళల్ల సానామందికి ఆసు అన్న మాటే తెల్వదు. చెప్తే వింటరు.

తర్వాత గుర్తులు పెట్టుడు, రంగు అంటొద్దన్నకాడ రబ్బరు చుట్టి చిటికి కట్టుడు, రంగుల ముంచుడు, విప్పుడు. విప్పేది తప్పకుండ తియ్యి. ఎర్రరంగుల నానిన కట్ట మీద రబ్బరు ముడి ఊడంగనే లోపల తెల్లగ మెరిసే పోగు బయటవడ్తది చూడు, ఆ నాలుగు సెకన్లు రీల్‌కు మొదట్ల రావాలె. ఎట్ల కట్టిండ్రు, ఎందుకు కట్టిండ్రు అనేది ఆ తర్వాత. "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ టు మై పేజ్" అని మొదలువెడితే బొటనవేలు పైకి జరుగుతది, అంతే సంగతి. పొడుగు 20 నుంచి 35 సెకన్లు. ఇన్‌స్టా రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ రెండిట్ల ఇప్పుడు 3 నిమిషాలవి కూడ పెట్టనిస్తరు. పెట్టనిస్తరని పెట్టకు.

దినాం పెట్టుడు అక్కరలేదు. వారానికి మూడు రీల్స్, ఎప్పుడూ అవే దినాలు. తీసుడు మాత్రం వారంల ఒక్కనాడే, రెండు గంటలు. ప్రతి పనికి మూడు షాట్లు తియ్యి: దూరంకెళ్లి మొత్తం మగ్గం, దగ్గరికొచ్చి చేతులు, ఇంకా దగ్గర పోగు. ఒక్కో షాట్ 8 సెకన్లకు తగ్గొద్దు, అన్నిసేపు ఫోన్ కదలొద్దు. రెండు గంటల్ల నాలుగైదు రీల్స్ సరుకు వస్తది. మూడు పెట్టు, మిగిలింది దాచు. ఇట్ల పది రీల్స్ దాపుకు చేరేదాక పేజీ నీ చేతిల లేనట్టే. వానకాలం గుంటమగ్గంల నీళ్ళు ఊరుతయి, రంగు ఆరదు, పని ఆగుతది. ఇంట్ల పెండ్లి వస్తది, పిల్లలకు జరం వస్తది. నువ్వు మొదటి నెల 60 పెట్టి ఆగినవంటే బద్ధకం కాదు, గాదెల గింజ లేదు.

ఇంకోటి, పడుగు ఎక్కిన్నాడే ఊరికి చెప్పు. "ఈ రంగు, ఈ అంచు, ఏడు చీరలు, మొదటిది ఫలానా తారీఖుకు దిగుతది" అని. 30 శాతం అడ్వాన్సు తీసుకొని పేరు రాసుకో. బుక్ చేసినామెకు వారానికోసారి తన చీర ఎంతదాక అయిందో పది సెకన్ల వీడియో పంపు. ఆమె దాన్ని తన స్టేటస్ పెట్టుకుంటది, నీకు పైస ఖర్చులేని ప్రకటన. తారీఖు చెప్పేకాడ మీ ఇంటాయన చెప్పిన దినాలకు ఇంకో వారం కలుపు. మగ్గపోళ్ళ "రేపు" ఎంత పొడుగుంటదో నీకు తెల్వంది కాదు.

ఒక్క జాగ్రత్త. కొత్త డిజైను గ్రాఫ్ పేపరు గాని, కొంగు మొత్తం పరిచిన ఫొటో గాని చీర మగ్గం దిగకముందు బయటికి రావొద్దు. ప్రింటు కొట్టేటోళ్ళకు ఒక్క సక్కటి ఫొటో చాలు, నీ రెండో చీర దిగేలోపు పాలిస్టర్ మీద బజార్ల ఉంటది. కట్టలు చూపెట్టు, రంగు చూపెట్టు, చేతులు చూపెట్టు. బొమ్మ పూర్తిగ చూపెట్టకు.

గద్వాల అంచు:

పై అన్న చెప్పిన పడుగు సీరియల్ మంచి ఆలోచన. దానికి వీడియో ఎలా తీయాలో నేను చెప్తాను, ఎందుకంటే చీరల వ్యాపారంలో వాపసులు ఎక్కువగా "ఫొటోలో రంగు వేరు, చేతికి వచ్చిన రంగు వేరు" అనే మాటతోనే వస్తాయి.

మగ్గం గదిలో ట్యూబ్‌లైట్ ఉంటుంది, పక్కన కిటికీ ఉంటుంది. రెండు వెలుగులూ కలిస్తే ఫోన్‌కు ఏది తెలుపో అర్థం కాదు. పట్టు ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పసుపుగా పడుతుంది. ఏదో ఒకటే ఉంచండి, పగలైతే లైటు తీసేయండి. చీర ఫొటోలు ఉదయం ఎండ నేరుగా పడని వసారాలో తీయండి. చీర పక్కన తెల్ల కాగితం ఒకటి పెట్టి, స్క్రీన్ మీద వేలు కాసేపు నొక్కిపడితే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. ఆ కాగితం స్క్రీన్ మీద తెల్లగా కనిపిస్తోందా లేదా చూసుకున్నాకే తీయాలి. కాగితం పసుపుగా ఉంటే చీర రంగు కూడా అబద్ధమే.

మెరూన్, నెమలికంఠం, రాణి రంగు, ఈ మూడింటి విషయంలో ఏ ఫోన్‌నూ నమ్మలేం. పడుగు ఒక రంగు, పేక (అడ్డపోగు) ఒక రంగు వేస్తే వచ్చే నీడరంగు చీరలకైతే ఫొటో పనికేరాదు. కొంగు చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచుతూ వీడియో తీయాలి. కింద మాటల్లో కూడా రాయండి: "ఫోన్‌లో ఎర్రగా పడింది, చేతిలో వంకాయ రంగు." ఈ ఒక్క వాక్యం వల్ల కొందరు కొనకపోవచ్చు. కానీ కొన్నవాళ్ళు వెనక్కి పంపరు.

లైటు కింద తీసిన వీడియోలో నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటే ఫోన్ పాడైందనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, రెండింటికీ పొత్తు కుదరదు. ప్రో మోడ్ ఉంటే 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి, ఆగిపోతుంది. ఇక లెన్స్. రంగు చేతులతో, నూనె చేతులతో ఫోన్ పట్టుకుంటాం కాబట్టి ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి. మసక వీడియోకు కారణం చాలాసార్లు ఇదే.

పాటలు పెట్టకండి. బిజినెస్ అకౌంటుకు సినిమా పాటలు చాలావరకు దొరకవు, ఎలాగో ఎక్కించినా మ్యూట్ అయ్యే ప్రమాదం ఉంది. అడ్డపోగును మోసుకుంటూ నాడె దూసుకుపోయే చప్పుడు, దాన్ని దగ్గరికి జరిపే అచ్చు కొట్టే దెబ్బ ఉన్నాయి కదా, వాటిని ఉంచండి. ఫ్యాను మాత్రం ఆపండి. మాటలు విడిగా, గది తలుపు వేసుకుని రికార్డు చేసి పైన అతికించుకోవచ్చు. అక్షరాలు తెర మధ్యలో పెట్టండి, అడుగు భాగంలో పెడితే పేజీ పేరు, బటన్లు వాటి మీద కూర్చుంటాయి.

వీడియోలకు విషయం అయిపోతుందని భయపడక్కర్లేదు. అసలు ఇక్కత్‌కూ ప్రింటుకూ తేడా ఎలా పట్టుకోవాలో చూపే రీల్ ఒక్కటి చేయండి. చీర తిరగేస్తే ఇక్కత్‌లో రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచు ఈకలా కాస్త చెదిరి ఉంటుంది. ప్రింటులో వెనకవైపు వెలిసినట్టుంటుంది, గీత కత్తితో కోసినట్టుంటుంది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, చెయ్యి మాత్రమే కనపడేలా తీయండి. పట్టుపోగు కాల్చి చూపేది ఇంకోటి: వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది. ఇలాంటి రీల్స్‌ను జనం దాచుకుంటారు, అక్కాచెల్లెళ్ళకు పంపుకుంటారు.

మా గద్వాలలో కాటన్ చీరకు పట్టు అంచు జోడించే చోటు ఎన్నిసార్లు చూపినా విసుగురాదు. తిరుమల బ్రహ్మోత్సవాల ముందైతే, గద్వాల నుంచి స్వామికి వెళ్ళే ఏరువాడ జోడు పంచెల ముచ్చట ఉండనే ఉంది. మీకు దగ్గర్లో పుట్టపాక ఉంది. అక్కడ నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టకు ఆముదం కాయల బూడిద, నూనె ఎందుకు వాడతారో చెబితే అదే ఒక వారం నడుస్తుంది. తేలియాకు 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది కూడా. ఒక్క మాట, మీవి తేలియా కాకపోతే ఆ పేరు మీ చీరలకు తగిలించకండి. పోచంపల్లి ఇక్కత్ పేరు కూడా జీఐ కిందే ఉంది, వాడాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదు కావాలి. మీ చేనేత సొసైటీలో అడగండి. పట్టు అని రాసేచోట సిల్క్ మార్క్ ట్యాగు, చేనేత అని రాసేచోట హ్యాండ్లూమ్ మార్క్ వీడియోలో కనపడితే మీరు వేరే ప్రమాణం చేయనవసరం లేదు.

గట్టుప్పల్ కోడలు:

అన్నలు, అక్కలు, శానా థ్యాంక్స్. తెల్లకాగితం ముచ్చట నాకు అసలే తెల్వదు.

ధర సంగతి కూడ చెప్పుండ్రి. చీర మాకు అన్నీ కలిపి 6,200 పడ్తది. 20 శాతం వేసుకొని 7,440 చెప్తున్న, పండుగకు 10 శాతం తగ్గిస్తున్న, కొరియర్ ఫ్రీ అంటున్న. అయినా కొంటలేరు. ఇంకా తగ్గియ్యాల్నా?

పాలమూరు పద్దు:

తగ్గించొద్దమ్మా. ఇప్పటికే మీరు దాదాపు ఉచితంగా అమ్ముతున్నారు, లెక్క చూడండి.

చీర 6,200. ప్యాకింగు 40. కొరియర్ 120 అనుకుందాం. ఫోను, డేటా, ట్యాగు ఖర్చుల్లో చీరకు వచ్చే వాటా 60. వాపసు వచ్చినా, చిన్న మచ్చతో తక్కువకు అమ్మాల్సి వచ్చినా తట్టుకోవడానికి చీరకు 180 పక్కన పెట్టాలి. మొత్తం 6,600. మీరు 7,440కి అమ్మితే మిగిలేది 840. పండుగకు 10 శాతం తగ్గిస్తే 6,696 వస్తుంది, మిగిలేది 96 రూపాయలు. అంటే గిరాకీ బాగా ఉండే రోజుల్లోనే మీకు చాయ్ పైసలు మిగులుతున్నాయి.

పొరపాటు రెండు చోట్ల ఉంది. ఒకటి, 20 శాతాన్ని చీర ఖరీదు మీద వేశారు, మొత్తం ఖర్చు మీద కాదు. రెండు, అమ్మకం ధరలో 20 శాతం మిగలాలంటే ఖర్చుకు 20 శాతం కలిపితే రాదు, ఖర్చును 0.8తో భాగించాలి. 6,600ను 0.8తో భాగిస్తే 8,250. ఇదీ మీ ధర. అప్పుడు 10 శాతం తగ్గించినా 825 మిగులుతుంది. తగ్గింపు ఇవ్వాలనిపిస్తే ధరలో కాకుండా ఫాల్, పీకో కుట్టి ఇవ్వండి. ఊళ్ళో చేయించుకుంటే మీకు తక్కువలో అయిపోతుంది, కొనే ఆవిడకు టైలరు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

"ధర చెప్పగానే మాట్లాడరు" అన్నారు. ధర పోస్టులోనే రాయండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు మొత్తం ధర కనపడేలా చూపాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా చెబుతున్నాయి. రాస్తే ఎంక్వైరీలు తగ్గుతాయి, గాబరా పడకండి. పోయేది ఎలాగూ కొననివాళ్ళే, మీ సమయం మిగులుతుంది.

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఏ వీడియో, ఎంతమంది మెసేజ్ చేశారు, ఎంతమంది ఇంకా ఫొటోలు అడిగారు, ఎంతమంది డబ్బు కట్టారు. అంతే, ఐదు గడులు. లైకుల గడి వద్దు. ఉదాహరణకు ఒక నెలలో 40 మంది మెసేజ్ చేసి, 12 మంది ఫొటోలు అడిగి, ఒక్కరే కొన్నారనుకోండి, వీడియోలు బాగానే ఉన్నాయి, మీరు పంపే ఫొటోల్లోనో, జవాబు ఆలస్యంలోనో, డబ్బు కట్టే దగ్గర నమ్మకంలోనో లోపం ఉంది. మెసేజే రెండు మూడు వస్తే వీడియోలు మార్చుకోవాలి. ఈ లెక్క లేకుండా "కంటెంట్ పనిచేయట్లేదు" అనడం, జ్వరం చూడకుండా మందు వేసినట్టే. కనీసం మూడు నెలలు, అంటే 36 రీల్స్ పడ్డాక చూడండి, పది రీల్స్‌తో తేల్చేయకండి.

యాడ్స్ గురించి ఒక్క ముక్క. మామూలుగా పెట్టినప్పుడే మెసేజ్‌లు తెచ్చిన రీల్‌కే డబ్బు పెట్టండి. పడుకున్న రీల్‌ను యాడ్ లేపలేదు. లక్ష్యం లైకులు కాకుండా వాట్సాప్ మెసేజ్ ఎంచుకోండి. రోజుకు 200, ఐదు రోజులు, హైదరాబాద్ ఒక్కటే. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలి, అది లెక్కలో వేసుకోండి.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. వేరే రాష్ట్రానికి సరుకు పంపితే సాధారణంగా ఆ పరిమితితో సంబంధం లేకుండానే అడుగుతారు. చేతివృత్తుల సరుకుకు కొన్ని మినహాయింపులున్నాయి. బెంగళూరు ఆర్డరు రాకముందే ఒక ఆడిటరు దగ్గర కూర్చుని మీకు ఏది వర్తిస్తుందో రాయించుకోండి.

కొత్తకోట అక్క:

అందరు ఇన్‌స్టా పట్టుకొని కూసున్నరు. చెల్లె, నీ గల్లాపెట్టె వాట్సాప్. ఇన్‌స్టాల చూస్తరు, వాట్సాప్‌ల కొంటరు.

వారానికి మూడు రీల్స్ మంచిదే గని, స్టేటస్ మాత్రం దినాం ఉండాలె. అది 24 గంటల్ల పోతది గనుక సోకులు అక్కరలేదు. పొద్దుగాల మగ్గం ఎక్కినప్పుడు ఒకటి, పొద్దుగూకినంక ఎన్ని మూరలు నేసిండ్రో ఒకటి. చీర అమ్ముడువోతే "ఇది పోయింది" అని కూడ పెట్టు. పోయిన చీరను చూసినంకనే మనోళ్ళకు అది కావాలనిపిస్తది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒక్కసారి పంపితే అందరికి విడివిడిగ పోయేది) చేసుకో, ఒక్కో దాంట్ల 256 మంది పడ్తరు. అయితే నీ నంబరు వాళ్ళ ఫోన్ల సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ పోతది. సానామంది ఇదే తెల్వక "పంపిన, ఎవరూ పలుకలే" అంటరు. మొదటిసారి మాట్లాడినప్పుడే "మా పేరు సేవ్ చేసుకోండి, కొత్త చీరలు దిగినప్పుడు పంపుతా" అని అడుగు. అడగకుండ ఎవరినీ గ్రూపుల ఎక్కియ్యకు. నలుగురు రిపోర్టు కొడితే నంబరే పోతది, దాంతోని ఇన్నాళ్ళ గిరాకీ పోతది.

క్విక్ రిప్లైలల్ల నాలుగు రాసి పెట్టుకో: ధర, కొలతలు (చీర ఎన్ని మీటర్లు, బ్లౌజు ఉందా), కొరియర్ దినాలు, వాపసు ఎప్పుడు తీసుకుంటవో. పొయ్యికాడున్నా ఒక్క వేలుతోని జవాబు పోతది. పొద్దుగాల అడిగినామెకు రాత్రి చెప్తే అప్పటికి వేరే కాడ కొనేసి ఉంటది.

యూట్యూబ్‌కు అదే వీడియో పెట్టు, కాని ఇన్‌స్టాలకెళ్లి దించి ముద్ర ఉన్నది ఎక్కియ్యకు, ఫోన్ల ఉన్న అసలుదే ఎక్కియ్యి. షార్ట్స్ కింద రాసిన లింకు నొక్కితే పోదు, 2023 సంది అంతే. కాబట్టి నంబరు మాటల్ల చెప్పు, తెర మీద కూడ రాయి. పేరును ఇంగ్లిష్ అక్షరాల్ల కూడ రాయి, వెతికేటోళ్ళు సగం మంది అట్లనే కొడ్తరు.

పైసల కాడ జాగ్రత్త. స్క్రీన్‌షాట్ చూసి చీర పంపకు, బ్యాంకుల పడ్డదా చూసినంకనే పంపు. పైసలు మనకు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు, ఎవరన్నా కొట్టమంటే దొంగ. క్యాష్ ఆన్ డెలివరీ అసలే వద్దు. "కట్టుకున్నంక ఇస్త" అనేటోళ్ళ చీర రెండుసార్లు కొరియర్ ఖర్చు తిని మన ఇంటికే వస్తది.

పంపే ముందు చీర మొత్తం, రెండువైపులా, కొంగు, బ్లౌజు కలిపి 40 సెకన్ల వీడియో తీసి ఆమెకే పంపు. ఎక్కడన్న పోగు జారి ఉంటే వేలువెట్టి చూపెట్టి, "ఇది చేనేతల ఉంటది, ఓకేనా" అని అడిగి, ఆమె సరే అన్నంకనే మడతవెట్టు. ప్యాకింగుకు పెద్ద డబ్బా వాడకు. కొరియరోళ్ళు పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల్ల గుణించి 5,000తోని భాగించి ఆ బరువు కూడ చూస్తరు, రెండిట్ల ఏది ఎక్కువుంటే దానికే బిల్లు. 30, 25, 6 సెంటీమీటర్ల డబ్బా అంటే 900 గ్రాముల లెక్క, చీర అరకిలో ఉన్నా. అదే చీరను ప్లాస్టిక్ కవర్ల వేసి, అట్ట పెట్టి, చించితే తెలిసిపోయే కొరియర్ కవర్ల 3 సెంటీమీటర్ల మందం చేస్తే 450 గ్రాముల లెక్కే, అప్పుడు చీర అసలు బరువు అరకిలోకే బిల్లు.

కాలం చూసుకో. శ్రావణం, బతుకమ్మ, మాఘమాసం పెండ్లిండ్లు, వీటికి 45 దినాల ముందుకెళ్లి చూపెట్టుడు మొదలు కావాలె. చీర కొన్నంక బ్లౌజు కుట్టియ్యాలె గద, టైలరు కాడనే ఇరవై దినాలు పోతయి. పండుగ వారం ముందు పెట్టిన చీరకు లైకులే వస్తయి.

గడియారం సెంటర్:

మాట్లాడుడు రాదు అన్నవు, అది మర్చిపోయిన. ముఖం చూపియ్యకు, గొంతు చాలు. ఒక చీర ముందట పెట్టుకొని దాని గురించి మూడు తీర్ల రికార్డు చెయ్యి: 15 సెకన్లల్ల, 30 సెకన్లల్ల, నిమిషంల. దినాం ఒక్క చీర, 21 దినాలు, ఎక్కడా పెట్టకు. పడుకునే ముందు విను. "అంటే", "సో", "ఇది వచ్చేసి" ఎన్నిసార్లు వచ్చినయో కాగితం మీద గీతలు గియ్యి. గీతలు రాలుతుంటయి. టీవీ యాంకర్ లెక్క మాట్లాడాలని చూడకు, మీ అత్తకు చీర చూపెడితే ఎట్ల చెప్తవో అట్లనే చెప్పు. "ఇగో, ఈ ఆకుపచ్చ కాడ చూడు, ముడి జరంత జారింది, అందుకే ఆకు కొస మెత్తగ పడ్డది" అని అంటవు గద, గదే మాట. దానికి స్క్రిప్టు రాస్తే చెడిపోతది.

గట్టుప్పల్ కోడలు:

అందరు చెప్పింది రాసుకున్న. ఆ 15 వేల ఆయనకు వద్దని చెప్పేసిన. కొత్త పడుగు వచ్చే వారం ఎక్కుతది, మెరూన్ మీద నెమలికంఠం అంచు. ఈ ఆదివారం పొద్దున తీసేటివి ఇవి: ఆసు పైనుంచి, ఆసు భుజం ఎన్కనుంచి, రబ్బరు కట్టుడు, మా మామ గ్రాఫ్ పేపరు చూసుకుంట గుర్తులు పెట్టేది, రంగు గిన్నె, ముడి విప్పుడు. మంగళవారం ముడి విప్పేదే మొదలు పెడ్త. ధర 8,250 రాస్త. సరేనా?

గడియారం సెంటర్:

సరే. మామ గుర్తులు పెట్టేకాడ గ్రాఫ్ పేపరు మీద కండెల గంప పెట్టి తియ్యి. పేపరు కనపడొద్దు, మామ వేళ్ళు, బొగ్గు ముక్క కనపడాలె.

గద్వాల అంచు:

మెరూన్ అన్నారు, తెల్ల కాగితం మర్చిపోకండి.